కోసిన సాక్ష్యం

శారమ్మను నూనె కంపెనీ వాళ్ళు కార్లో ఎక్కించుకుపోయారనీ, నిజామాబాద్‌లో పెద్ద లైట్ల కింద కూర్చోబెట్టి మాట్లాడించారనీ, లక్ష రూపాయలు చేతిలో పెట్టారనీ, ఆమెతోపాటు నాట్లకు పోయే గంగమణి చెప్పిందట. గంగమణి చెప్పింది విని మా పక్కింటామె గోడ మీదుగా మా అత్తకు చెప్పింది. మా అత్త చంద్రవ్వ నాకు చెప్పేసరికి లక్ష కాస్తా రెండు లక్షలైంది.

"కొడుక్కు బండి ఎట్ల వచ్చిందనుకున్నవ్? గా పైసలే" అంది అత్త, మంచం మీద కాలు చాపుకుని.

శారమ్మ కొడుకు బండి కొన్నది పోయిన దసరాకు. నూనె ప్రకటన టీవీలో మొదలైంది ఈ జూలైలో. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ అత్త కాలు చూసి మింగేశాను. మోకాలి చిప్ప నుంచి పిక్క దాకా చర్మం కమిలిపోయింది. బొబ్బలు చిట్లి, లోపలి ఎరుపు బయటపడింది. అసలే షుగర్ మనిషి. బోధన్ డాక్టరు కట్టు కట్టి, పుండు మానేదాకా బురదలో దిగొద్దన్నాడు. కాలువ నీళ్ళు వదిలి, ఊరు ఊరంతా నాట్లలో ఉన్నప్పుడు ఆ మాట చెప్పాడు.

ఆ పుండు చేసింది సంధిసిరి తైలం. దాన్ని కొనిపించింది శారమ్మ మాట. కనీసం మా ఇంట్లో అందరం అప్పటికి అలాగే అనుకున్నాం.

ఆ ప్రకటన మీరూ చూసే ఉంటారు, మా వైపు కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లో చూశారు. రాత్రి సీరియల్ మధ్యలో వచ్చేది. ఫోన్లలో అయితే వేళాపాళా లేదు, వంకాయ కూర వీడియో చూస్తున్నా దాని వెనకే వచ్చేది. నీలం అంచు తెల్లచీరలో శారమ్మ నిలబడి ఉంటుంది. చేతిలో మైకు. ఇంకో చెయ్యి మోకాలి మీద. "రెండేండ్లు గీ మోకాలు పట్టుకొని ఏడ్సిన. సంధిసిరి నూనె తెచ్చుకొని రాసిన. ఇప్పుడు నొప్పి లేదు. గట్టు మీద ఉర్కుతున్న." అంతే. తర్వాత ఆకుపచ్చ సీసా, ఫోన్ నంబరు.

మా ఊళ్ళో దాన్ని నమ్మడానికి ఇంకో కారణం ఉంది. శారమ్మ కుంటడం అందరం చూశాం. యాసంగి పంటకాలంలో నెలా నెలన్నర ఆమె పనికి రాలేదు. తర్వాత చూస్తే మామూలుగా నడుస్తోంది. ఎట్లా తగ్గిందని ఎవరూ అడగలేదు. తగ్గిన నొప్పి గురించి ఎవరడుగుతారు?

ఇంకోటి కూడా చెప్పాలి. శారమ్మ మా ఊరి నాట్ల ముఠాకు పెద్ద. ఇరవై రెండు మంది ఆడవాళ్ళు. రైతు ఆమెకే ఫోన్ చేస్తాడు. ఆమె పోయి పొలం చూస్తుంది, ఎంత అనేది మాట్లాడుతుంది, వచ్చి చెబుతుంది. పదిహేనేళ్ళలో ఎవరూ రెండోసారి అడిగింది లేదు, రైతు దగ్గరకు పోయి సరిచూసుకున్నది లేదు. ఆమె చేతిలో కాగితం ఉండదు, పుస్తకం ఉండదు. ఉన్నదల్లా ఆ మాటే. అది పోతే ముఠా పోతుంది, ముఠా పోతే శారమ్మకు మిగిలేది మూతబడిన చక్కెర ఫ్యాక్టరీలో భర్త పనిచేసినప్పటి ఫొటో ఒక్కటే.

మా అత్త కూడా ఆ ముఠాలోనే. శారమ్మ పక్కనే వంగి నాటు వేస్తుంది, ఇద్దరి చేతుల వేగం ఒకటే. అత్త మోకాలు సంవత్సరం నుంచి నొప్పి పెడుతోందన్న సంగతి నాకు పుండు పడ్డాకే తెలిసింది. శారమ్మకూ చెప్పలేదు. పోయిన ఏడాది మోకాలు నొప్పన్న ఇద్దరిని శారమ్మ "కాళ్ళు మంచిగైనంకనే రాండ్రి" అని ఇంటికి పంపింది. వాళ్ళ మంచికే అంది. వాళ్ళకు ఆ కాలం పని పోయింది. అందుకే మా అత్త నోరు కట్టుకుని, ఆటో అతన్ని బతిమాలి, అతని ఫోన్‌తో సీసా తెప్పించుకుంది. నేను ఊళ్ళో జిరాక్స్, ఆన్‌లైన్ దుకాణం నడుపుతాను. ఊరందరి దరఖాస్తులూ నా చేతి మీదే పోతాయి. మా ఇంటికి వచ్చిన పార్సిల్ సంగతి మాత్రం నాకు తెలియదు.

శారమ్మ మరునాడు పొద్దున కలబంద మట్ట పట్టుకుని వచ్చింది. వాళ్ళింట్లో కేబుల్ తీయించి రెండేళ్ళు. చేతిలో ఉన్నది బటన్ల ఫోను. టీవీలో వచ్చినవని ముఠాలో వాళ్ళంటే చర్చి వీడియోనే అనుకుందట.

"ఏం వొదినె, కాలు కాలిందట? పొయ్యి మీద పడ్డవా ఏంది?"

అత్త గోడ వైపు తిరిగింది. "ఎంతకమ్మినవ్ నా కాలు?"

"ఏందే?"

"రెండు లచ్చలంటున్నరు. నా కాలు గంత పిరమా అనుకుంటున్న."

శారమ్మ నా మొహం చూసింది. అనుమానం నాకూ ఉంది, దాచుకోను. ఫోన్ తీసి ప్రకటన పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని, మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గీ సీర ఈస్టర్ నాడు కట్టిన" అంది మొదట.

సీసా వచ్చింది, నంబరు వచ్చింది, అయిపోయింది.

"మిగిలింది పెట్టు బిడ్డా."

"గంతే పెద్దమ్మా."

"గంతే ఎట్లయితది? నేను చెప్పుడు అయిపోలే. జర ముంగటికి జరుపు."

"జరిపేటందుకు ఏం లేదు. గంతనే ఉంది."

ఆమె తన వేలితో తెరను నాలుగుసార్లు జరిపింది. ఎవరో మేకప్ అమ్మాయి వచ్చింది, క్రికెట్ వచ్చింది, కోడి కూర వచ్చింది. శారమ్మ రాలేదు. ఫోన్ నాకిచ్చేసి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

ఆమె చెప్పింది ఇదీ. వాళ్ళ చర్చిలో ఈస్టర్ నాడు, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. దానికో పద్ధతి ఉంది. మొదటి నుంచి చెప్పాలి. ఎక్కడ తప్పు తొక్కారో, ఏ పిచ్చిపని చేశారో అది కూడా దాచకుండా చెప్పాలి, దాస్తే అది సాక్ష్యం కాదు. అందుకని తాను నూనె సంగతి చెప్పింది. రాసిన మూడో నాడు తోలు లేచిందనీ, సీసా కాలువలో విసిరేశాననీ, తర్వాత బోధన్ డాక్టరు దగ్గరికి పోయాననీ, నెలన్నర మడిలో దిగలేదనీ, సంఘమంతా ప్రార్థన చేసిందనీ చెప్పింది.

"ఇప్పుడు నొప్పి లేదు అన్నది సివరికి అన్న మాట. నూనె మాట ఎక్కడ, గది ఎక్కడ? నడుమ అంత ఉన్నది గదా."

అత్త ఇటు తిరగలేదు. "అవునవును" అంది గోడతో. "ఇప్పుడు గట్లనే చెప్తవ్."

శారమ్మ కలబంద మట్ట మంచం కింద పెట్టి వెళ్ళిపోయింది. అత్త దాన్ని ముట్టుకోలేదు.

నేను దుకాణానికి పోయి చర్చి వాళ్ళ యూట్యూబ్ చానల్ తెరిచాను. మట్టలాదివారం ఉంది, గుడ్ ఫ్రైడే ఉంది, ఈస్టర్ తర్వాతి ఆదివారం ఉంది. ఈస్టర్ లేదు. ఆమె చెప్పేది నిజమైతే ఆ వీడియో ఎందుకు మాయమైంది? అబద్ధమైతే ఆ తెల్లచీర, ఆ మైకు ఎక్కడివి? ఏ వైపు లాగినా ముడి బిగుస్తోంది.

ఆ చానల్ నడిపేది విజయ్ పాల్. డిగ్రీలో నా కంటే రెండేళ్ళు చిన్న. సాయంత్రం శారమ్మను వెంటబెట్టుకుని చర్చికి పోతే అతను వైర్లు చుట్టుకుంటూ కనిపించాడు. గోడకు రెండు వైపులా మనిషెత్తు నల్లటి సౌండ్ బాక్సులు, కొత్తవి.

"ఇవెప్పుడు వచ్చినయి?" అన్నాను.

"మే నెలల అక్కా. దానం."

"ఎవరిచ్చిండ్రు?"

అతను వైరు చుట్టడం ఆపలేదు. శారమ్మ అడిగింది: "విజయ్, ఈస్టర్ నాడు నేను చెప్పింది ఎవరికన్న ఇచ్చినవా?"

"సిన్నమ్మా, నిజామాబాద్‌ల ఒక ఏజెన్సీ. మంచిగున్నది, నలుగురికి ధైర్యమొస్తది, మేం గూడ షేర్ చేస్తమన్నరు. నూనెకు అని చెప్పలే."

"మరి నీ చానల్ల తీసేసినవ్ గదా" అన్నాను.

"రెండు దిక్కుల ఉంటే గందరగోళం అయితది, తీసెయ్యమన్నరు."

"ఎవరికి గందరగోళం?"

అతనికి ఆ ప్రశ్న ఇంతవరకు తట్టినట్టు లేదు. బాక్సుల వైపు చూశాడు. "మైకు మంచిగ లేక ముసలోళ్ళకు వాక్యం వినబడుతలేదని నువ్వే అన్నవ్ గదా సిన్నమ్మా" అన్నాడు. శారమ్మ అవును, నేనే అన్న అంది. పూర్తి వీడియో తన దగ్గర లేదనీ, ఫోన్ నిండిపోతే తుడిచేశాననీ, వాళ్ళ దగ్గర ఉంటుందనీ చెప్పాడు. అందులో ఎంత నిజమో నాకిప్పటికీ తెలియదు.

శనివారం ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ పోయాం. ఖలీల్‌వాడిలో ఆస్పత్రుల నడుమ, మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఆ ఏజెన్సీ. ఏసీ గదిలో ముగ్గురు కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు తలెత్తి శారమ్మను చూసి, పక్కవాడి భుజం తట్టాడు. వాడూ చూశాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు, మంత్రి వచ్చినట్టు.

లోపల్నుంచి ఏజెన్సీ నడిపే మహేందర్ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు. వస్తూనే శారమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. "అమ్మా, మీరే వచ్చిండ్రా! ఫోన్ చేస్తే బండి పంపుతుంటిమి గదా. మాది భీమ్‌గల్. మా అవ్వ గూడ నాట్లకు పోయి మమ్మల్ని సాకింది."

శారమ్మకు కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆమె తాగలేదు.

"నేను చెప్పనిది నువ్వు చెప్పిచ్చినవ్" అంది.

"లేదమ్మా. మీరు అనని మాట ఒక్కటి లేదు దాంట్ల. ఒక్కటి చూపియ్యిండ్రి, ఇప్పుడే తీసేస్త."

అది నిజమే. ఒక్కటీ లేదు.

"కోసినం, గంతే" అన్నాడు. "మీరు తొమ్మిది నిమిషాలు మాట్లాడిండ్రు. ఇప్పుడు తొమ్మిది నిమిషాలు ఎవరు వింటరమ్మా? యాక్టర్‌ను పెడితే జనం వేలితోని జరిపేస్తరు. మీరు మోకాలి మీద చెయ్యి పెడతరు సూడుండ్రి, గాడ ఒక్కరు గూడ జరుపుతలేరు. మా దగ్గర లెక్క ఉంది."

"అసలు ఈమె వీడియో నీకెట్ల దొరికింది?" అన్నాను.

"మేడం, మా బ్రాండ్ పేరు యాడ ఎవరు పలికినా మా పిల్లలు వెతికి పట్టుకుంటరు. పెండ్లిల పలికినా, గుడిల పలికినా. గదే వాళ్ళ డ్యూటీ."

నాకెందుకో నా దుకాణానికి వచ్చేవాళ్ళు మాట్లాడే మాటలన్నీ గుర్తొచ్చాయి. చేతిలో ఫోన్ తిప్పి కింద పెట్టాను.

"మొత్తం వీడియో చూపియ్యి" అన్నాను. కాదంటాడనుకున్నాను. ఒక కుర్రాడికి సైగ చేశాడు. పెద్ద తెర మీద శారమ్మ తొమ్మిది నిమిషాలూ మాట్లాడింది. నూనె రాసింది, తోలు లేచింది, సీసా కాలువలో పడింది. "నా తెలివితక్కువ, దేవుని ముంగట దాస్తలేను" అంది. డాక్టరు వచ్చాడు, ప్రార్థన వచ్చింది. అన్నీ ఆమె చెప్పినట్టే, చెప్పిన వరసలోనే. కుర్చీలో శారమ్మ తెర మీది శారమ్మతో పాటు పెదవులు కదుపుతోంది. నేను సిగ్గుపడుతూనే నా ఫోన్ ఎత్తి తెరను రికార్డు చేశాను.

మహేందర్ చూశాడు. "చేసుకోండ్రి మేడం. దాచేది ఏమున్నది?" అన్నాడు నవ్వుతూ. అతను వద్దంటే బాగుండేదనిపించింది.

"తోలు లేసిందని ఇన్నవ్ గదా నువ్వు" అంది శారమ్మ. "ఇని గూడ అమ్మినవా?"

"ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కొక్క తీరుగుంటదమ్మా. సీసా మీద రాసే ఉంటది."

అద్దాలు పెట్టుకున్నా కనబడనంత సన్నగా రాసి ఉంటుంది, నేను ఇంటి దగ్గర చూశాను. మహేందర్ ముందుకు వంగాడు. "మీకు బాధయితే ఆ వీడియో తీసేస్తం, సోమవారం కల్లా. కని ఒక మాట. మీరు మాట్లాడితే అబద్ధం అనిపియ్యదమ్మా. గది కొంటే దొరకదు. పసుపుకు ఒకటి, బెల్లానికి ఒకటి చేద్దాం. ఈసారి మొత్తం మీకు చెప్పే చేస్తం, మీకు రావాల్సింది ఇచ్చే చేస్తం."

శారమ్మ లేచింది. మెట్లు దిగేటప్పుడు మహేందర్ నా చేతిలో కార్డు పెట్టాడు. మీ దుకాణానికి కూడా రీల్ చేద్దాం మేడం అన్నాడు. నేను దాన్ని పారేయలేదు. పర్సులోనే ఉంది.

బస్సులో శారమ్మ కిటికీ వైపు కూర్చుంది. చెరుకు తోటలు వచ్చాయి. "దొరికింది గదా బిడ్డా, మొత్తం దొరికింది" అంది అప్పుడు. "వొదినె సూస్తే అయిపాయె."

ఇంటికి రాగానే అత్తకు చూపించాను. అత్త మొత్తం చూసింది, మధ్యలో ఒకసారి ఆపించి నీళ్ళు తాగి మళ్ళీ చూసింది. అయిపోయాక ఫోన్ నాకిచ్చింది.

"గా కంపెనీకి పోయే తెచ్చిండ్రు గదా ఇది?"

"అవును అత్తా."

"తోలు లేసిందని గా పిల్లగాడు ఈమెతోని ఇయ్యాల చెప్పిచ్చిండేమో. గదే సీర కట్టిచ్చి."

"నేనక్కడనే ఉన్న. ఇయ్యాల ఏం చెప్పియ్యలే."

"మొదటిది కోసి అతికిచ్చిండ్రు అంటివి. మరి గిది అతికియ్యలే అని నీకెట్ల తెలుసు?"

పదేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఊళ్ళో వాళ్ళ ఫొటోల వెనక గోడ రంగు మారుస్తాను, కళ్ళు మూసుకున్న వాళ్ళకు కళ్ళు తెరిపిస్తాను. అత్త అది రోజూ చూస్తుంది.

మహేందర్ మాట నిలబెట్టుకున్నాడు, ఆదివారం రాత్రికే. సీరియల్ మధ్యలో శారమ్మ రాలేదు. ఆమె స్థానంలో ఇంకెవరో అవ్వ, బొట్టు పెద్దది, చీర ఎర్రది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని "రెండేండ్లు గీ మోకాలు పట్టుకొని ఏడ్సిన" అంది. గట్టు మీద ఉరుకుతున్నదాకా అన్నీ అవే మాటలు, అదే విరుపు. మొహం తీసేసి మాటలు ఉంచుకున్నారు.

అత్త టీవీ వైపు కాదు, నా వైపు చూసింది. "ఈమెవరు మరి? ఈమెది గూడ సాక్ష్యమేనా?"

సోమవారం పొద్దున కట్టు మార్పించడానికి అత్తను బోధన్ తీసుకుపోవాలి. నా దుకాణం ముందు ఆటో కోసం నిలబడ్డాం. ముఠా ట్రాలీ ఎక్కేదీ అక్కడే. ఇరవై మందీ సద్దిగిన్నెలతో చేరారు. శారమ్మ అత్తను చూసి పలకరించబోయి ఆగింది. రేపటి పని గురించి చెప్పసాగింది. పరమేశ్వర్ పటేల్ పొలం, కాలువ కింద ఆరెకరాలు, సాయంత్రం పోయి మాట్లాడి వస్తానంది.

"నేను గూడ వస్త" అంది గంగమణి.

ట్రాలీ ఎక్కుతున్న వాళ్ళు ఎక్కుతున్నట్టే ఆగారు.

"యాడికి?"

"పటేల్‌తోని మాట్లాడనీకి. ఊకనే. ఇద్దరం ఇంటే మంచిది గదా."

"పదిహేనేండ్ల సంది నేనొక్కదాన్నే ఇంటున్న."

"గప్పుడు టీవీల లేవు గదా శారమ్మక్కా" అంది గంగమణి. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు, వెంటనే కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు.

శారమ్మ వాళ్ళందరినీ ఒక్కొక్కరినీ చూసింది. "మొత్తం వీడియో జ్యోతి దగ్గర ఉన్నది. సూడుండ్రి" అంది, నన్ను చూపిస్తూ.

"ఏ వీడియోనమ్మా? ఇంకెన్ని సూడాలె?" అంది వెనక నుంచి ఎవరో.

"నేను ఏ పైస తీసుకోలే. నూనె మంచిగున్నదని నేను అనలే. గా నూనె నా తోలు గూడ తీసింది."

"మరి గది చర్చిల చెప్పినవ్, మాకెందుకు చెప్పలే?" అంది గంగమణి. "నీ మాట మీదనే గదా చంద్రవ్వ కాలు కాల్చుకున్నది. అడుగు, గాడనే ఉన్నది."

అందరూ మా వైపు తిరిగారు. అత్త నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద బరువు వేసి నిలబడింది.

"అవును" అంది. "నీ మొకం సూసే కొన్న. వేరేటోళ్ళు చెప్తే కొనకపోతుండె. నిన్ను నమ్మే కొన్న శారమ్మా."

శారమ్మ ట్రాలీ దగ్గర నుంచి నడిచి వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"గా నూనె తెప్పియ్యనీకి ఆటో ఆయన్ను బతిమాలినవట. గా దినాలల్ల రోజు పొద్దుగాలికెల్లి పొద్దుమీకేదాక నా పక్కకే వంగి నాటేసినవ్, నా గిన్నెల మామిడి తొక్కు నీ అన్నంల ఏసుకున్నవ్. టీవీల నన్ను నమ్మినవ్ గని, మడిల నీ పక్కనున్న దాన్ని ఒక్క మాటన్న అడిగినవా?"